‘తర్వాత చూసుకుందాం’ సిద్ధాంతానికి సాష్టాంగ నమస్కారం

మనిషి కనిపెట్టిన తాత్విక సిద్ధాంతాలన్నిటిలోనూ ఆచరణకు అత్యంత అనువైనది ‘తర్వాత చూసుకుందాం’ అన్నది. మిగతావాటికి గ్రంథాలు కావాలి, వ్యాఖ్యాతలు కావాలి. దీనికి గాలిలో చేత్తో ఒక విసురు చాలు. షూటింగ్ మధ్యలో విమానం పోతుంది: ఒక విసురు. పక్క వీధిలో కుక్కలు సభ పెడతాయి: ఒక విసురు. కథానాయకుడి కాలర్ మైకు కొత్త చొక్కాకు రాసుకుని గరగరమంటుంది. సౌండ్ రికార్డిస్టు హెడ్‌ఫోన్లు కాస్త పక్కకు జరిపి ఏదో చెప్పబోతాడు. తెరిచిన ఆ నోటికేసి ఇంకో విసురు.

ఇందులో ‘తర్వాత’ అన్నది కాలమని చాలామంది పొరబడుతుంటారు. కాదు, అది ఒక స్థలం. కిటికీలు లేని గది, కొన్ని స్పీకర్లు, ఒక తెర, ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని పదిహేనేళ్లుగా సినిమాల్లోవీ టీవీ ధారావాహికల్లోవీ మాటలు తుడుస్తున్నాను. డైలాగ్ ఎడిటర్ అంటారు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని సామెత చెప్పినాయన చాలా అమాయకుడు. తొక్కేవాడు ఒకడూ కడిగేవాడు మరొకడూ అయినప్పుడు మొదటివాడు ఎందుకు ఆగాలో ఆయనకు తట్టలేదు. తొక్కుడు ఆగితే నా పొయ్యి ఆరిపోతుంది. కాబట్టి దీన్ని ఫిర్యాదుగా కాక కృతజ్ఞతా పత్రంగా చదవవలసిందిగా మనవి.

ముందుగా నిశ్శబ్దం సంగతి. ఖాళీ గది నిశ్శబ్దంగా ఉంటుందని మీరు అనుకుంటారు. ఉండదు. ప్రతి గదికీ తనదైన ఒక సన్నని గాలిహోరు ఉంటుంది, దాన్ని రూమ్ టోన్ అంటాం. మాటకూ మాటకూ మధ్య ఉన్న చప్పుడును కోసేస్తే అక్కడ గుంత పడుతుంది. ఆ గుంతలో అదే గది హోరు పోసి చదును చేయాలి. పోయకుండా వదిలేస్తే ప్రేక్షకుడు స్పీకర్ పోయిందనుకుంటాడు. ఇందుకోసం సీను ముగిశాక బృందమంతా ఎక్కడివాళ్లక్కడ ఒక్క 30 సెకన్లు ఊరుకుంటే చాలు, రికార్డు చేసుకోవచ్చు.

లైట్ల అమరికకు మూడు గంటలు, మబ్బు తొలగడానికి ఒక పూట ఓపిక పట్టిన బృందమే, ఈ 30 సెకన్ల దగ్గర మాత్రం విలవిల్లాడిపోతుంది. పన్నెండో సెకనులో ఎవరో దగ్గుతారు. పదిహేనో సెకనులో ఒక మడతకుర్చీ మూసుకుంటుంది. పద్దెనిమిదిలో ‘అయిందా?’ అని ఒక గుసగుస. సరే, తర్వాత చూసుకుందాం. ఆ తర్వాత అనే చోట నేను దొంగతనానికి దిగుతాను. దర్శకుడు ‘యాక్షన్’ అన్నాక నటుడు నోరు తెరిచేలోగా అర సెకనో పావు సెకనో ఖాళీ ఉంటుంది. దాన్ని కాజేస్తాను. ఒక టేకులో ఇంత, ఇంకో టేకులో ఇంత, చిల్లర పోగుచేసినట్టు నిశ్శబ్దం పోగుచేస్తాను. తెర మీద మిమ్మల్ని కదిలించిన గంభీర మౌనం పదకొండు చిల్లర మౌనాల అతుకుబొంత కావచ్చు. ఎక్కడా చెప్పకండి.

ఈ మధ్య ఒక వాక్యం నా దగ్గరికి చికిత్సకు వచ్చింది. ‘నిన్ను ఎప్పుడో క్షమించాను.’ తండ్రి కొడుకుతో అంటాడు. కథకంతటికీ అదే ఆయువుపట్టు. మొదటి టేకులో తండ్రి గొంతు వణికిన తీరు అద్భుతం, కానీ సరిగ్గా ‘మిం’ దగ్గర ఆయన కూర్చున్న కుర్చీ కిర్రుమంది. కొడుకును కుర్చీ కూడా క్షమించినట్టయింది. రెండో టేకులో కుర్చీ ఊరుకుంది గానీ భావం రాలేదు. మూడో టేకులో భావమూ వచ్చింది, విమానమూ వచ్చింది. నాలుగో టేకులో నటుడు ‘క్షమించేశాను’ అన్నాడు, బాకీ తీర్చి చేతులు దులుపుకున్నట్టుగా.

శస్త్రచికిత్స తప్పలేదు. మొదటి టేకులోని ‘క్ష’, రెండో టేకులోని ‘మిం’, మళ్లీ మొదటి టేకులోని ‘చాను’. కోత ఎక్కడ పెట్టాలన్నది వ్యాకరణం తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. ‘చ’ పలికే ముందు నాలుక అంగిలికి తగిలి గాలి లిప్తపాటు ఆగిపోతుంది. కత్తెర పడవలసింది ఆ లిప్తలో. బళ్లో వర్ణోత్పత్తి స్థానాలు చెప్పిన మాస్టారు ఇవి జీవితంలో పనికొస్తాయంటే నేను నమ్మలేదు. ఆయన తాలవ్యమన్నది ఇప్పుడు నాకు అతుకు దాచుకునే చోటు. ఆయన ఓష్ఠ్యాలన్న ప, బ, భలు మైకు మీద గాలిదెబ్బలు. శ, ష, సలు 5,000 నుంచి 8,000 హెర్ట్జ్‌ల మధ్య చెవిలో సూదులు గుచ్చే ముఠా.

అతుకు కుదిరింది. అరువు తెచ్చిన ‘మిం’ కాస్త ఎత్తున పలికితే దాన్ని కిందికి దించాను. ఇక మిగిలింది లైట్ల తీగల నుంచి మైకులోకి పాకిన మూలుగు. విద్యుత్తు దేశాన్నిబట్టి 50 హెర్ట్జ్‌ల దగ్గరో 60 దగ్గరో మూలుగుతుంది. ఒక్కతే రాదు, 50 అయితే 100, 150, 200 అంటూ సంతానాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. మగవాళ్ల గొంతు అడుగుస్వరం కూడా మామూలుగా 100, 150 హెర్ట్జ్‌ల ప్రాంతంలోనే కాపురముంటుంది. మూలుగును వేళ్లతో పెకలిస్తే తండ్రి గొంతులోని బరువు కూడా దాంతోపాటే ఊడొచ్చేస్తుంది, ఆయన డబ్బాలోంచి క్షమించినట్టుంటుంది. కాబట్టి కొంత తీసి కొంత వదిలేశాను. మొత్తం రెండు రోజులు పట్టింది.

దర్శకుడు వచ్చి విన్నారు. ‘ఈ సీనులో మీరు చేసిందేమీ లేదు కదా?’ అన్నారు. మా వృత్తిలో ఇంతకు మించిన బిరుదు లేదు. దురదృష్టవశాత్తూ అప్పుడు నిర్మాత కూడా అక్కడే ఉన్నారు. డబ్బు చెల్లించేటప్పుడు ఆయన అదే మాటను బిరుదుగా కాక వాదనగా వాడుకున్నారు.

దర్శకుడి అభ్యంతరం ఒక్కటే. వాక్యం చివర తండ్రి ఒక నిట్టూర్పు విడిచాడు. ‘అది తీసేయండి. అసలు సినిమా మొత్తంలో ఊపిరి చప్పుళ్లన్నీ తీసేయండి, శుభ్రంగా ఉంటుంది’ అన్నారు. తీశాను. విన్నారు. పాత్రలన్నీ ఊపిరాడక పోయినవాళ్లలా మాట్లాడుతున్నాయని ఆందోళన పడ్డారు. ‘కొన్ని పెట్టండి’ అన్నారు. ఏ పాత్రకు ఎన్ని ఊపిరులో పక్కన కూర్చుని ఆయనే కేటాయించారు, విధాత కూడా అంత శ్రద్ధగా పంచి ఉండడు. తండ్రి వంతు వచ్చేసరికి ఆయనకు ఫోను వచ్చింది.

ఈ రోజుల్లో ఒక్క మీట నొక్కితే చెత్తంతా పోతుందట కదా అని పెళ్లిళ్లలో నన్ను చాలామంది అడుగుతారు. పోతుంది. శబ్దాన్ని బొమ్మగా చూపించి, అందులో మచ్చలా కనిపించే ఫోను మోతను కుంచెతో తుడిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. గొంతును రొద నుంచి విడదీయడం నేర్చుకున్న యంత్రాలూ ఉన్నాయి. అవి లేకపోతే నేను బతకలేను. కానీ వాటి నిజాయితీతోనే చిక్కు. గొంతులా లేనిదంతా చెత్తేనని వాటి నమ్మకం. గుసగుస, వెక్కిళ్లు, వాక్యం చివర సన్నగిల్లే అక్షరం, ఇవన్నీ వాటి కంటికి చెత్తబుట్ట సరుకే. మీట ఇంకాస్త గట్టిగా తిప్పితే పాత్ర నీళ్లతొట్టిలో మునిగి సంభాషణ చెబుతుంది. 1965లో రే డాల్బీ లండన్‌లో సంస్థ పెట్టినప్పుడు ఆయన తొలి సరుకు టేపు మీది బుసను తగ్గించే పరికరం. చప్పుడు తగ్గించడానికి పుట్టిన పేరు ఈనాడు థియేటర్ గోడలదిరే మోతకు మారుపేరయింది. ఈ రంగంలో ఎవరి పేరు ఎక్కడికి చేరుతుందో చెప్పలేం.

మూడు రోజులు కష్టపడి స్ఫటికంలా తీర్చిన సంభాషణను ‘అవతలి మనిషి ఫోనులో మాట్లాడుతున్నాడు కదా’ అని మళ్లీ పాడుచేయడం కూడా నా ఉద్యోగమే. 300 హెర్ట్జ్‌లకు కిందా 3,400కు పైనా ఉన్నదంతా నరికేస్తే పాతకాలపు టెలిఫోను తయారు. షూటింగ్‌లో మైకు ఎలాగూ అంతంతమాత్రంగా రికార్డు చేసింది కదా, నేరుగా దాన్నే పెట్టకూడదా అని ఒక సహాయకుడు అడిగాడు. తెలివైన కుర్రాడు, ఇందులో ఎక్కువకాలం ఉండడు.

అంత బాధెందుకు, నటుడి చేత మళ్లీ చెప్పిస్తే పోలేదా అంటారు. చెప్పించవచ్చు. దీని ఇంగ్లీషు పేరులో ‘ఆటోమేటెడ్’ అని ఉంటుంది. అందులో తనంతట తాను జరిగేది నిర్మాత నిట్టూర్పు ఒక్కటే. చెవిలో మూడుసార్లు టిక్ టిక్ టిక్ మంటుంది, వినిపించని నాలుగో టిక్కు దగ్గర మాట మొదలుపెట్టాలి. ఆరు నెలల కింద వాన సీనులో తడుస్తూ ఏడ్చిన మనిషి ఇప్పుడు ఏసీ గదిలో కాఫీ తాగి అదే ఏడుపును పెదవుల కొలతకు కుట్టించుకోవాలి. సినిమాలో ఒక ఫ్రేము అంటే సెకనులో 24వ వంతు, సుమారు 42 మిల్లీసెకన్లు. టీవీ ప్రసారాల కోసం తయారైన ఒక అంతర్జాతీయ సిఫారసు ప్రకారం, మాట పెదవుల కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనం పట్టేస్తాం. వెనకబడితే మాత్రం 125 దాకా క్షమిస్తాం. మెరుపు తర్వాత ఉరుము రావడమే చూశాం గానీ ఉరుము ముందొచ్చిన సందర్భం లేదు కదా, అందుకు. ఈ సృష్టిలో ఆలస్యానికి ఉన్న ఏకైక సమర్థన ఇదే. దీన్ని గడువు దాటినప్పుడల్లా వాడుకుంటాను.

చివరికి ‘నిన్ను ఎప్పుడో క్షమించాను’ మాటనూ సంగీతాన్నీ కలిపే మిక్సింగ్‌కు వెళ్లింది. థియేటర్లో సంభాషణకు మధ్య స్పీకర్‌ను కేటాయించడం ఆనవాయితీ. సంగీతానికి మిగతావన్నీ. ‘ఇక్కడ భావం వయొలిన్లే చెప్పాలి’ అని నిర్ణయమైంది. మొదట ఒక వయొలిన్, తర్వాత ఇరవై. మాట వినబడటం లేదని నేను అన్నాను. ‘కొలత సరిపోయింది కదా’ అని మీటరు చూపించారు. నిజంగానే సరిపోయింది. మోత సగటు మైనస్ 27 ఉండాలని నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు అడిగే ఆ కొలతను మాటలున్న చోట్లలోనే తీస్తారు. కాకపోతే ఆ చోట్లలో ఏమేం మోగుతున్నాయో అన్నీ కలిపి లెక్కిస్తారు. అంటే లెక్క ప్రకారం వయొలిన్లు కూడా సంభాషణే.

ఇంట్లో అందరం కూర్చుని చూశాం. ఆ సీను వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. తండ్రి పెదవులు కదిలాయి, ఇరవై వయొలిన్లు కొడుకును క్షమించాయి. ‘ఏమన్నాడు?’ అని మా పెద్దమ్మ రిమోట్ అందుకుని సబ్‌టైటిల్స్ పెట్టించి, వెనక్కి తిప్పించింది. తెర అడుగున అక్షరాలు వచ్చాయి: నిన్ను ఎప్పుడో క్షమించాను. వాటి పక్కనే, నేను ఊపిరులు తీయక ముందు కాపీని చూసి రాసినట్టున్నారు, కుండలీకరణాల్లో ఇంకో మాట ఉంది: (నిట్టూర్పు).

‘పాపం, ఎంత బాగా నిట్టూర్చాడో!’ అని మా పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది.