ఐడిల్ టైమర్ గారి దివ్యసముఖానికి

అయ్యా, మా ఆఫీసు కంప్యూటర్లలో కూర్చుని మౌస్ ఎంతసేపు ఆగిందో లెక్క రాసేది తమరే కదా, రుషికొండలో మేమంతా తమరి దయవల్ల క్షేమం, కుడి చేతులు తప్ప.

ఇవాళ మధ్యాహ్నం భోజనాలవ్వగానే అందర్నీ మీటింగ్ రూమ్‌లోకి తోలి ఎర్గోనామిక్స్ (అంటే ఒళ్ళు పాడవకుండా కూర్చుని పనిచేసే పద్ధతి) సెషన్ పెట్టారు, అటెండెన్స్ కంపల్సరీ. మోచెయ్యి ఇంచుమించు 90 డిగ్రీల్లో ఉండాలంట, మణికట్టు తిన్నగా ఉండాలంట, స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలంట (మా స్క్రీన్ల కింద ఏ4 పేపర్ కట్టలున్నాయి, అదే మా ఎర్గోనామిక్స్), అన్నిటికంటే ముఖ్యం, మధ్యమధ్యలో చేతులు కీబోర్డు మీంచి తీసి కాసేపు వదిలెయ్యాలంట. మంచి మాటే, చప్పట్లు కూడా కొట్టాం. వెళ్ళేటప్పుడు తలో స్పాంజి బంతి ఇచ్చారు పిసుక్కోమని, వాచిన చేత్తో ఇంకా పిసకాలంట!

సీటుకొచ్చి చూద్దును కదా, సెషన్‌లో కూర్చున్న టైమంతా తమరు నా పేరు మీద ఐడిల్ రాసేసారు, ఎర్రగా.

ఏటండీ ఇది? చేతులకి రెస్టివ్వండని వాళ్ళు చెప్తున్నంతసేపూ చెయ్యి కదల్లేదని తమరు కోత రాసుకుంటూ కూర్చున్నారా? మౌస్ రెండు నిమిషాలు ఆగితే పసుపు, అయిదు దాటితే ఎరుపు, ఇంక బ్రేక్ ఎప్పుడు తీసుకోవాలి, నిద్రలోనా? నిద్రలో అయితే తీసుకుంటున్నాం లెండి, అర్ధరాత్రి తిమ్మిరెక్కి లేచి చెయ్యి విదిలించుకుంటూ.

మణికట్టులో ఓ ఇరుకు సందుంది, అందులోంచే తొమ్మిది టెండన్లూ (కండని ఎముకకి కట్టే తాళ్ళు) ఒక నరమూ పోవాలి, అవి వాస్తే నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారిపోతాయి, చిటికెనవేలు మాత్రం హాయిగా ఉంటుంది, దాని నరం దారి వేరు. సాయంత్రం బండి మీద మద్దిలపాలెం చేరేసరికి యాక్సిలరేటర్ పట్టుకున్న వేళ్ళు నావో కావో తెలీట్లేదు.

1713లోనే ఇటలీలో రామజ్జీని అనే డాక్టరు రాసాడు, గుమాస్తాలకి జబ్బులు ఎందుకొస్తాయో: కదలకుండా కూర్చోడం, చెయ్యి ఒకేలా ఆడుతూనే ఉండడం, తప్పు పోతుందేమోనని బుర్ర మీద ఒత్తిడి. మూడూ మాకున్నాయి, కానీ వాళ్ళ సిరాబుడ్డి వాళ్ళ మీద మేనేజర్‌కి చాడీలు చెప్పేది కాదు.

సరే, ఆ ఐడిల్ తీయించుకుందామంటే ఫారం నింపాలంట, ప్రతి పావుగంటకీ విడిగా కారణం టైప్ చెయ్యాలంట, కాపీ పేస్ట్ కుదరదంట. చెయ్యి నొప్పి గురించి క్లాసు విన్నందుకు చెయ్యి నొప్పెట్టేలా సంజాయిషీ రాయాలా? నింపను పో. కోసుకో జీతం.