మహారాజశ్రీ తూటా మసి గారి సముఖానికి

అయ్యా,

టెక్సాస్‌లోని ఒక గ్యారేజీలో, బల్లకు బిగించిన ప్రెస్సు ముందు కూర్చొని, తూటా పేలాక మిగిలే ఇత్తడి కేసులకు, అంటే ఖాళీ గొట్టాలకు, కొత్త ప్రైమరు (మందును అంటించే నిప్పుబిళ్ల), పౌడరు, బుల్లెట్టు అమర్చి మళ్లీ వాడుకునే రీలోడర్లలో ఒకడిగా తమకు ఈ విన్నపం వ్రాసుకుంటున్నాను. నా .45 కోల్ట్ రివాల్వర్ నుంచి బయటికి వచ్చే ప్రతి కేసునూ తమరు మూతి నుంచి నడుము దాకా, మనసైతే అడుగు అంచు దాకా ఆక్రమించి కూర్చుంటున్నారు. అద్దెలేదు, అనుమతిలేదు, ఖాళీ చేసే ఉద్దేశం అసలే లేదు.

తమరు కనిపించగానే మావాళ్లు చేసే మొదటి పని పౌడరును తిట్టడం. డబ్బా మారుస్తారు, తమరు మారరు. తరువాత సీసపు బుల్లెట్టుకు పూసిన మైనాన్ని అనుమానిస్తారు; దానివల్ల పొగ ఎక్కువవుతుందన్న మాట నిజమే గాని, ఆ పొగ కేసు వెలుపలికి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఎవరూ వేసుకోరు. తూటా పేలినప్పుడు లోపలి పీడనానికి పలుచని ఇత్తడి గోడ ఉబ్బి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకు గట్టిగా అతుక్కొని, వాయువు వెనక్కి రాకుండా దారి మూసేయాలి. బుల్లెట్టు వెళ్లిపోయాక మళ్లీ కాస్త ముడుచుకోవాలి. పీడనం చాలకపోతే ఆ తలుపు సరిగా పడదు, ఆ సందులోంచే తమరి ఊరేగింపు బయలుదేరుతుంది. మసి పూసి మారేడుకాయ చేస్తారని లోకం తమరి మీద వేసిన నింద ఇక్కడ మాత్రం చెల్లదు. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పేది తమరొక్కరే.

తమరికి ఇంత విశాలమైన భవనం దొరకడంలో చరిత్ర హస్తం కూడా ఉన్నది. .45 కోల్ట్ తూటా 1873 నాటిది. అప్పట్లో ఆ కేసులో సుమారు 40 గ్రెయిన్ల (మందు తూచే చిన్న కొలత) నల్ల తుపాకీమందు నింపేవారు. నేటి పొగలేని పౌడరు అందులో చిన్న భాగమే సరిపోతుంది కనుక, మిగిలిన జాగా అంతా ఖాళీ. ఆ కాస్త పౌడరు ఒకసారి ప్రైమరు పక్కన, ఇంకోసారి బుల్లెట్టు వెనుక చేరుతూ, తుపాకీ మూతి ఎత్తామా దించామా అన్నదాన్ని బట్టి ఒక్కో రకంగా మండుతుంది. ఈ తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు మాత్రమే. 9 మిల్లీమీటర్ల లూగర్ అనే పిస్తోలు తూటాకు అది 35,000. లూగర్ కేసు మీద తమరి ప్రతాపం ఎందుకు సాగదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక మా కోరికల చిట్టా చిత్తగించండి. పాతకాలపు టోపీలు పెట్టుకొని ఉక్కు పలకలను కాల్చే కౌబాయ్ పోటీల్లో చెయ్యి అదరకూడదని పౌడరు తగ్గిస్తాము, తేలిక బుల్లెట్టు పెడతాము, ఆ పైన కేసులు బంగారంలా మెరవాలని పట్టుబడతాము. కావలసింది తెలిసే అడుగుతున్నామా అని తమరు నవ్వుకుంటూ ఉంటారు. అందులోనూ .45 కోల్ట్ కేసు మూతి దగ్గర ఇత్తడి కాస్త మందం. అదే 1873లో పుట్టిన .44-40 అనే మరో తూటా కేసు మూతి పలుచన కావడం వల్ల తక్కువ పీడనానికే అతుక్కొని తమరికి గుమ్మం మూసేస్తుంది. పదేపదే కాల్చి, డైలో (కొలతకు తెచ్చే అచ్చులో) బిగించి, మూతి వెడల్పు చేసిన ఇత్తడి గట్టిపడి ఉబ్బడానికి మొరాయిస్తుంది. మూతిని మాత్రం వేడిచేసి మెత్తబరచే వారున్నారు. కానీ ఆ వేడి అడుగు భాగానికి చేరితే కేసు పనికిరాదు, పైగా ప్రమాదం.

నా అనుభవంలో తమరి అసలు చుట్టం బలహీనమైన క్రింప్, అంటే బుల్లెట్టును పట్టి ఉంచే కేసు అంచు మడత. కేసు అంచు బుల్లెట్టు గాడిలోకి సరిగా మడత పడకపోయినా, మూతి లోపలి పట్టు వదులుగా ఉన్నా, పౌడరు నిలకడగా అంటుకోకముందే బుల్లెట్టు కదిలిపోతుంది. కేసుల పొడవులు సమానంగా లేకపోతే క్రింప్ కూడా ఒక్కో తూటాకు ఒక్కో తీరుగా పడుతుంది. అందుకని పౌడరు జోలికి పోకముందు ఇది చూసుకోవాలి. ఆ తరువాతే త్వరగా మండే పౌడరైనా, బరువైన బుల్లెట్టయినా, ముద్రిత మాన్యువల్ ఇచ్చిన పరిధిలో కొద్దికొద్దిగా పెంచడమైనా. తమరి మీద కోపంతో గరిష్ఠం దాటడం బుద్ధిహీనత. అలాగని తగ్గించుకుంటూ పోతే బుల్లెట్టు బ్యారెల్‌లోనే ఆగిపోవచ్చు, దాని వెనుక మరొకటి కాలిస్తే తుపాకీ చీలిపోవచ్చు.

అన్నీ సరిచేసినా తమరు మూతి దగ్గర పలుచగా కనిపిస్తే నాకు అభ్యంతరం లేదు. ఈ తుపాకుల ఛాంబర్లే కొంత వదులు. కానీ సన్నని గీతలా ఒక పగులు వెంట కనిపించారో, ఆ కేసు చెత్తబుట్టకే. ప్రైమరు చుట్టూ నల్లని వలయంగా కూర్చున్నారో, అది తమరి మామూలు రాకపోక కాదు: ప్రైమరు గుంట వదులైందో, పీడనమే మితిమీరిందో తేలేవరకు కాల్చడం ఆపేస్తాను.

తమరిని వదిలించే పనికి అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్ వాడను, అది ఇత్తడిని పెళుసుబారుస్తుంది. తమరితోపాటు ప్రైమరులోని సీసం కూడా వస్తుంది కనుక, అక్రోటు చిప్పల పొడితో కేసులను దొర్లించే యంత్రం గ్యారేజీలోనే, తలుపు తెరిచి తిరుగుతుంది. వంటగది సింకులో తమరికి ప్రవేశం లేదు. ఈ విషయంలో మా ఆవిడ ఇచ్చిన ఉత్తర్వు తమరికీ నాకూ సమానంగా వర్తిస్తుంది.

ఇట్లు,
తమరి వల్ల వేలిముద్రలు కోల్పోయిన ఒక రీలోడరు