గిట్‌హబ్‌లో కనబడ్డ కోడ్ మనది కాదు

ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్. దాని గురించి నల్లగొండ జిల్లా ఇంజినీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్ అందరిదీ. పేరు తీసేసి నాలుగు లైన్లు మారిస్తే మనదే. జీపీఎల్ కోడ్ మాత్రం ముట్టొద్దు, దాంతో చేసింది అమ్ముకోనియ్యరు." జీపీఎల్ అంటే ఒక రకం లైసెన్స్, అంటే కోడ్‌ను ఎలా వాడుకోవచ్చో చెప్పే షరతుల పత్రం. నేను మిర్యాలగూడ రైస్ మిల్లులకు కాంటా చిట్టీల సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ని. ఇందులో ఒక్క మాటా నిజం కాదు.

'అందరిదీ' అట. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు దారినపోయేవాళ్లవి అవుతాయా? మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కింద లెక్కిస్తుంది. రాసిన క్షణం నుంచే హక్కు రాసినవారిది, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. లైసెన్స్ ఫైలు లేని పబ్లిక్ కోడ్‌ను గిట్‌హబ్‌లో చూడొచ్చు, అక్కడే ఫోర్క్ (మన ఖాతాలోకి ఒక కాపీ) చేసుకోవచ్చు. మన ప్రోగ్రాంలో కలుపుకునే అనుమతి మాత్రం లేదు.

పేరు తీసేయడం ఇంకా పెద్ద తప్పు. ఎంఐటీ అనే లైసెన్స్ అడిగేది ఒక్కటే: కాపీరైట్ లైను, అనుమతి పాఠం ప్రతి కాపీతోపాటు ఉండాలి. నా దగ్గర పనిచేసే తమ్ముడు ప్రింటర్ లైబ్రరీ ఫైలు పైనున్న ఇరవై లైన్ల కామెంటు అనవసరమని తుడిచేశాడు. ఆ కోడ్ వాడుకునే హక్కు మాకు ఇచ్చినవే ఆ ఇరవై లైన్లు! అప్పటికప్పుడే తిరిగి పెట్టించాను. అపాచీ 2.0 అనే మరో లైసెన్స్ అయితే మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి, నోటీస్ ఫైలు ఉంటే అదీ వెంట రావాలి. నాలుగు లైన్లు మార్చినంత మాత్రాన ఈ షరతులు పోవు. ఉచిత కోడ్ కోసం కోర్టుకెవరు పోతారంటారా? అమెరికాలో బొమ్మ రైళ్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ రాసిన జాకబ్సన్ కోర్టుకెక్కాడు. 2008లో జాకబ్సన్, కాట్జర్ కేసులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, పైసా తీసుకోకుండా ఇచ్చిన కోడ్‌కైనా లైసెన్స్ షరతులు కాపీరైట్ చట్టం కింద చెల్లుతాయని చెప్పింది.

జీపీఎల్‌లో అమ్మొద్దని ఎక్కడా లేదు. ఎంతకైనా అమ్ముకోవచ్చు. ప్రోగ్రాం ఎవరికి ఇస్తే వాళ్లకు సోర్స్ (మనం రాసిన అసలు కోడ్) కూడా అదే లైసెన్స్ కింద అందాలి, అంతే. మిల్లువాళ్లు తమ ఆఫీసులోనే మార్చి వాడుకుంటే ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. జీపీఎల్ లాంటిదే ఇంకో లైసెన్స్ ఏజీపీఎల్, దాని దగ్గర జాగ్రత్త: మార్చిన ప్రోగ్రాంను నెట్ మీద పదిమందితో వాడించినా వాళ్లకు సోర్స్ ఇవ్వాల్సిందే.

లైసెన్స్ లేని కోడ్ నచ్చితే రాసినవారినే అడగండి. తూకం మెషిన్ రీడింగ్ తీసుకునే చిన్న కోడ్ కోసం నేను రెండు వాక్యాలు రాసి అడిగాను. రెండో రోజుకే అందులో ఎంఐటీ ఫైలు కనబడింది.