కుడికి జరిపితే కళ, ఎడమకి జరిపితే పెళ్లి

విశాఖపట్నంలో ముడతలకి రెండు రకాల పౌరసత్వం ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో వల బాగుచేసుకుంటున్న తాత నుదుటి మీద ముడత కళాఖండం. ఎంవీపీ కాలనీలో గృహప్రవేశానికి వచ్చిన పెద్దత్త నుదుటి మీద ముడత పొరపాటు. రెండింటినీ చూసింది ఒకే కెమెరా, నొక్కింది ఒకే కుర్రాడు, దిద్దింది ఒకే ల్యాప్‌టాప్. ఇంత సున్నితమైన విచక్షణ మన ఊళ్లో ఎలా స్థిరపడిందో ఏ పండితుడూ పట్టించుకోలేదు కాబట్టి, ఆ బాధ్యత నేను నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు సాంకేతిక విషయం. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్లారిటీ అని ఒక స్లైడర్, అంటే అటూ ఇటూ జరిపే మీట, ఉంటుంది. మధ్యలో సున్నా, కుడి చివర వంద, ఎడమ చివర మైనస్ వంద. కుడికి జరిపితే ముఖంలో ప్రతి గీతా లోతుగా తేలుతుంది. ఎడమకి జరిపితే చర్మం నున్నబడి వయసు, ఎండ, నిద్రలేమి అన్నీ ఎగిరిపోతాయి. ఇది చాలదని 2019లో టెక్స్‌చర్ అనే ఇంకో స్లైడర్ వచ్చింది. చర్మాన్ని నునుపు చేయడానికని మొదలుపెట్టి, పనిలో పనిగా రెండో వైపు కూడా తెరిచారట. ఏ ముఖాన్ని ఎటు జరపాలో మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. అది మన సంస్కారాన్ని బట్టి ఉంటుంది. నేను గమనించినంతలో సూత్రం చాలా తేలిక: ఆ మనిషి మళ్లీ మనకి ఫోన్ చేసే అవకాశం ఉంటే ఎడమకి, లేకపోతే కుడికి.

మన ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారం తెల్లవారకముందే లేచి హార్బర్‌కి వెళ్తాడు. ఇంట్లో పాల ప్యాకెట్ తెమ్మంటే ఎనిమిదింటికి గానీ లేవడు, అది వేరే విషయం. బోట్లు ఒడ్డుకి చేరుతుంటాయి, చేపల పాట నడుస్తుంటుంది, ఎవరి పని వాళ్లకుంటుంది. వాడు ఓ తాతని పట్టుకుంటాడు. కెమెరా చూడగానే తాత ముఖం వెలిగిపోతుంది. "ఉండు బాబూ, సొక్కా ఏసుకొత్తాను" అంటాడు. అక్కడే కళకి మొదటి ప్రమాదం వచ్చిపడుతుంది. తాత దగ్గర మొన్న మనవరాలి పెళ్లికి కుట్టించుకున్న తెల్ల చొక్కా ఉంది. దువ్వెన కూడా ఉంది. ఆ రెండూ వాడితే పోర్ట్రెయిట్ పోయినట్టే. "వద్దు తాతా, ఇలాగే బాగుంది" అని కుర్రాడు బతిమాలతాడు. తాత ఒప్పుకుని నవ్వుతాడు. అది రెండో ప్రమాదం. "నవ్వకు తాతా, సముద్రంకేసి సీరియస్‌గా చూడు." అరవై ఏళ్లుగా చూస్తున్న సముద్రాన్ని, అందులో కొత్తగా చూడ్డానికేముందో అర్థం కాకపోయినా, తాత పాపం చూస్తాడు.

ఇంటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. తాత లుంగీది మాంచి నెమలిపింఛం రంగు, పక్కనున్న ప్లాస్టిక్ బకెట్ ఎరుపు. రంగులుంటే దారిద్య్రం సరిగ్గా పండదు కాబట్టి ఫోటో నలుపు తెలుపులోకి మారుతుంది. తాత చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటే హీలింగ్ బ్రష్‌తో చెరిపేయాలి. పెద్ద తెర ఫోను పట్టుకున్నవాడి మీద జాలిపడమంటే ఎవరు పడతారు? ఆ తర్వాత క్లారిటీ కుడికి. ఇంకా కుడికి. చివరికి తాత కంటే తాత ముడతలే వయసులో పెద్దవిగా కనిపిస్తాయి. కింద 'బతుకు పోరాటం' అని శీర్షిక. దాని కింద కెమెరా లెక్కలు: 85 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.8, సెకనులో 500వ వంతు, ఐఎస్ఓ 200. కళాభిమానులకి కావలసిన వివరాలన్నీ ఉన్నాయి. తాత పేరు ఒక్కటే లేదు.

మరుసటి వారం వాడు మళ్లీ అటు వెళ్తే తాత అడుగుతాడు, "ఫొటో తీసుకెల్లావు గదా బాబూ, నాకొకటియ్యవేటి?" అని. ఇది కళాకారుణ్ణి ఇబ్బంది పెట్టే ప్రశ్న. ప్రింటు తీయించి ఇవ్వొచ్చు గానీ, తాత దాన్ని చూసి "ఇదెవులు బాబూ?" అంటే ఏం చెప్పాలి?

ఇక ఎడమ వైపు సంగతి. అక్కడ అత్తలు, పిన్నులు, పెళ్లికూతుళ్లు ఉంటారు. వీళ్లు నవ్వాలి, చీర మార్చుకోవాలి, దువ్వుకోవాలి. తాతకి నిషేధించినవన్నీ వీళ్లకి తప్పనిసరి. లైట్‌రూమ్‌లో మన చర్మపు ఛాయ చాలావరకు ఆరెంజ్ కింద నమోదవుతుంది. ఆరెంజ్ లూమినెన్స్, అంటే ఆ రంగు వెలుగు, కాస్త పెంచితే మేనమామ పోలిక పోయి మేనిఛాయ వస్తుంది. 'ఫెయిర్' అన్న మాటని 2020లో క్రీము డబ్బా మీంచి తీసేశారు గానీ, ఆరెంజ్ స్లైడర్ పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. దాని పేరులో నేరమేమీ లేదు మరి. పెద్దత్తకి మాత్రం వచ్చిన ఫలితం నచ్చింది. "బాగా తీశావురా" అని ఫోన్ చేసి మెచ్చుకుంది, డీపీగా పెట్టుకుంది. సొంత చెల్లెలే ఆ డీపీ చూసి నంబరు మారిందేమో అనుకుందట.

వెనక దృశ్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో 91 మీటర్ల పొడవున్న కుర్సురా జలాంతర్గామిని కూడా, లెన్సు ద్వారాన్ని ఎఫ్ 1.8 దాకా బార్లా తెరిస్తే, బూడిదరంగు మరకగా మార్చేయొచ్చు. శత్రుదేశాలకి చేతకాని పని ఇది. సూర్యుడి విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. అయినా రుషికొండలో తీసిన ప్రీవెడ్డింగ్ ఫోటోల్లో సూర్యుడు నీళ్లలోనే అస్తమిస్తాడు. 2020లో ఫోటోషాప్‌లో ఆకాశాన్నే మార్చేసే సదుపాయం వచ్చిన దగ్గర్నుంచి దిక్కుల పీడ విరగడైంది.

ఎడమ స్లైడర్ పరాకాష్ఠ చూడాలంటే జగదాంబ జంక్షన్‌లో పుట్టినరోజు ఫ్లెక్సీల కింద నిలబడండి. నాయకుడికి దశాబ్దాల అనుభవం ఉందని కింద రాసి ఉంటుంది, పైన ముఖానికి పాతికేళ్లు ఉంటాయి. ఆయన ప్రజాసేవ ఎల్‌కేజీలోనే మొదలుపెట్టి ఉండాలి. చుట్టూ బొమ్మలున్న అనుచరులకి మాత్రం అంత ఎడిటింగ్ దక్కదు. హోదా తగ్గేకొద్దీ ముడత పెరుగుతుంది.

నాదొక సూచన. సింహాద్రి అప్పన్నే చందనం కింద ఉండి, ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయ నాడు, నిజరూపం చూపిస్తాడు. ఆ రోజు మనుషులు కూడా స్లైడర్ సున్నా దగ్గర ఉంచి ఫోటో పెడితే ఏం పోతుంది? ఈ మాట ఒక ఫోటోగ్రాఫర్ల బృందంలో అంటే అందరూ ఒకేసారి లేచారు. అక్షయ తృతీయకి పెళ్లిళ్లు ఉంటాయట, నిజరూపాలు చూపిస్తే అడ్వాన్సులు వెనక్కి అడుగుతారట. న్యాయమే.

అయితే ఇంకో దారి ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్లతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని ప్రభుత్వం పెట్టింది. బోట్లన్నీ లంగరేసి ఉంటాయి, జాలర్లు ఒడ్డున కూర్చుని వలలు అల్లుకుంటుంటారు, ముఖాల వేటగాళ్లకి అదే అసలు సీజను. ఆ 61 రోజులూ ముఖాల వేటకి కూడా నిషేధం పెట్టాలి. ముడతలకీ ఎదగడానికి కొంత సమయం కావాలి కదా. నిషేధ కాలంలో జాలర్లకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. లెన్సుకి ఈఎంఐ కట్టుకుంటున్న మన కుర్రాళ్లకీ అలాంటిదే ఇవ్వాలని నా మనవి. దరఖాస్తు సులువుగానే ఉండాలి. ఆధార్ కాపీ, లెన్సు బిల్లు, ఇటీవల తీసిన రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ఫోటోలు మాత్రం హార్బర్ తాత చేత తీయించుకుని రావాలి. ఏ చొక్కా వేసుకోవాలో, నవ్వాలో వద్దో ఆయనే చెబుతాడు.