కుళాయి కింద కుబేరుడు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో గణితశాస్త్రం ఎంత పురోగమించిందో చూడాలంటే, కుళాయి బాగుచేసిన ప్లంబరు లిఫ్టు దిగేంతవరకు ఓపిక పడితే చాలు. 20 నిమిషాల పనికి 500 రూపాయలు పుచ్చుకున్నాడు గనుక గంటకు 1,500, రోజుకు ఎనిమిది గంటల చొప్పున 12,000, నెలకు 3,60,000 అని ఇంటి యజమాని అక్కడికక్కడే తేల్చేసి, అనవసరంగా ఇంజినీరింగ్ చదివానని నిట్టూరుస్తారు.

ఈ లెక్కలోని ప్లంబరు సామాన్యుడు కాడు. అతనికి ఆదివారం లేదు, జ్వరం రాదు, మియాపూర్ నుంచి మలక్‌పేట వెళ్లడానికి క్షణమైనా పట్టదు. ఒక సింకు కింద నుంచి లేచేసరికి మరొకటి కారడం మొదలుపెట్టి అతని కోసం ఎదురుచూస్తుంటుంది. వాషరు కోసం హార్డ్‌వేర్ దుకాణానికి రెండుసార్లు తిరిగిన సమయం, బండి పెట్రోలు, డ్రిల్లింగ్ మిషను ఖరీదు, కిందటి నెల పనికి ఇంకా రాని డబ్బు, ఇవేవీ ఆ గుణకారంలో ఇమడవు. (రమ్మని ఫోను చేసి, తీరా వచ్చేసరికి తాళం వేసుకుని వెళ్లిపోయిన ఇళ్లవారు దయచేసి ఈ పేరా తమ గురించి కాదనుకోవాలి.) వానాకాలంలో గోడ ఆరక ఇంట్లో కూర్చునే పెయింటరుకూ, ఉదయం అడ్డా మీద నిలబడి పది దాటాక టిఫిన్ బాక్సుతో వెనుదిరిగే మేస్త్రీకీ ఇదే సూత్రం వర్తిస్తుందట.

తమ జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ గణితజ్ఞులు ఎంతో వినయంగా మారిపోతారు. మూల వేతనంపై కంపెనీ కలిపే 12 శాతం భవిష్యనిధి (పీఎఫ్), ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున జమపడే గ్రాట్యుటీ, పండుగ సెలవుల జీతం, కాఫీ యంత్రం పక్కన గడిచిన గంటల జీతం అన్నీ వదిలేసి, "చేతికొచ్చేది ఇంతే" అంటారు.

పైగా పన్నంతా తామే కడుతున్నామన్న ఆవేదన ఒకటి. కొత్త పన్ను విధానంలో ఒక్క రసీదూ చూపకుండా జీతగాళ్లకు పన్ను లెక్కించే ఆదాయంలోంచి 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు (స్టాండర్డ్ డిడక్షన్) దక్కుతుంది. రెంచీలు కొనుక్కునేవాడికి అది లేదు. ఇక వారి లెక్కే నిజమైతే ప్లంబరు ఏడాది రాబడి 43,20,000. సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి కనుక, అధికారులు ఈపాటికి ప్రతి వాటర్ ట్యాంకు వెనుకా మాటు వేసి ఉండాలి.

ఈ సిద్ధాంతాన్ని మనసారా నమ్మేవారిలో బ్యాంకు మేనేజర్లూ ఉన్నారు. సాయంత్రం వాకింగ్‌లో ప్లంబర్ల లక్షల గురించి అసూయపడి, మర్నాడు అదే ప్లంబరు ఇంటి రుణానికి వస్తే, పే స్లిప్పు లేదు గనుక జీతం వచ్చే బంధువెవరినైనా హామీకి తీసుకురమ్మంటారు.