అరకు ప్రయాణంపై అఖిలపక్ష సమావేశం

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఈ దూరాన్ని ఒక తెలుగు కుటుంబం ఏ మార్గాన దాటాలన్న దానిపై ప్రభుత్వం ఇంతవరకు ఒక్క కమిషన్‌నైనా వేయకపోవడం విచారకరం. ఘాట్ రోడ్డు ఉంది, రైలు ఉంది. లేనిదల్లా ఏకాభిప్రాయమే.

నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేసినప్పుడు కొండలను తొలిచి యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. ఆ ఇంజనీర్ల అదృష్టం ఏమిటంటే, వారికి మా మేనత్తల ఆమోదం అవసరం పడలేదు. ఆ లైను మీదే నడిచే అరకు రైలుకు 2017లో వచ్చిన అద్దాల పెట్టెలో (విస్టాడోమ్) కుడివైపు కూర్చోవాలా, ఎడమవైపా అన్న దగ్గరే మా చర్చ వారాల తరబడి ఆగింది. "లోయ కుడివైపే" అని పెదనాన్న తేల్చారు. "మరి వచ్చేటప్పుడో?" అంది అత్తయ్య. సభ వాయిదా పడింది. పైకప్పు కూడా గాజుదే కదా, సొరంగంలో ఆ డబ్బు దండగ కాదా అని బావ లేవనెత్తిన అభ్యంతరం రికార్డులకెక్కింది.

రిజర్వేషను 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదికి తెరుస్తారు. ఎనిమిదింటికి మావాళ్ళు పులిహోరా, దద్ధోజనమా అన్నది తేలుస్తున్నారు. తేలేసరికి టికెట్లు వెయిటింగ్ లిస్టులోకి దిగాయి.

దాంతో కారు పక్షానికి బలం వచ్చింది. కారైతే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చన్నది వారి వాదం. నిజమే, అనంతగిరి మలుపుల్లో ఆపక తప్పదు కూడా. నిమ్మకాయలు, వాంతి మాత్రలు, పాలిథిన్ సంచుల బాధ్యత ఒక ఉపసంఘానికి అప్పగించారు. వెనక సీట్లో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయని అందరూ ప్రకటించారు, ముందు సీటు ఒకటే అన్న సంగతి తెలిసి మరీ. బొర్రా గుహలు, కాఫీ తోటలు, దారి పక్క బొంగు చికెన్ సమయాభావం వల్ల చర్చకు రాలేదు.

చివరికి తత్కాల్‌లో దొరికినన్ని టికెట్లతో పెద్దవాళ్ళు రైల్లో, సామాను, పిల్లలు కారులో వెళ్ళాలని తీర్మానించారు. కారు నడిపేవాడు దారిలో ఎక్కడా ఆగకూడదు, రైలుకంటే ముందే అరకు స్టేషనులో ఉండాలి. ముందు సీటు దద్ధోజనం క్యారియరుకు కేటాయించారు. బెల్టు కూడా దానికే.