వేరుశనగ బాదంకు కాదు, కందికి చుట్టం
పది నిమిషాల అల్పాహారాలపై మీరు రాసిన వ్యాసంలో వేరుశనగను బాదం, జీడిపప్పుల వరుసలో కూర్చోబెట్టారు గాని, వృక్షశాస్త్రం ప్రకారం అది కందికి, పెసరకు చుట్టం. పువ్వు నేలపైన పూసి, ఆ తరువాత పువ్వు మొదట్లోంచి ఊడ అనే కాడ మట్టిలోకి దిగి అక్కడ కాయ కడుతుందన్న సంగతి బాపట్ల ఇసుక నేలల్లో మొక్క పీకి చూసినవారికి కొత్త కాదు. పుట్టిల్లు మాత్రం దక్షిణ అమెరికా. 100 గ్రాముల గింజల్లో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులతో పాటు సగానికి దగ్గరగా కొవ్వు కూడా ఉంటుంది కనుక, ఎంతైనా తినవచ్చన్న మీ మాటతో ఏకీభవించలేను. గుంటూరులో మా ఇంట్లో రాత్రి నానబెట్టిన గుప్పెడు గుళ్ళను ఉదయం ఉప్పు వేసి ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్కలు కలిపి నిమ్మరసం పిండుకుంటాం. ఇడ్లీలోకి పల్లీ చట్నీ ఎలాగూ తప్పదు. బూజు పట్టిన గింజలను వేయించినా ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం పూర్తిగా పోదని ఒక వాక్యం చేర్చవలసింది.